ఒక క్రెడిట్‌కి ఇరవై ఏడు గంటలు

జనవరి రెండో సోమవారం పొద్దున సైమి తన సలహాదారు అధ్యాపకుడికి ఒక ఈమెయిల్ పంపింది.

"గౌరవనీయులైన ఇల్పో గారికి. గణాంకశాస్త్రం కోర్సు ఐదు క్రెడిట్లు. అంటే నూట ముప్పై ఐదు గంటలు. డిసెంబరు తొమ్మిదో తారీఖు సాయంత్రం నాలుగుంబావుకి నా నూట ముప్పై ఐదో గంట పూర్తయింది. అప్పటికింకా రెండు అధ్యాయాలు మిగిలిపోయాయి. నియమం ప్రకారం పుస్తకం మూసేశాను. పరీక్షలో ఆ రెండు అధ్యాయాల్లోంచే మూడు ప్రశ్నలు వచ్చాయి. ఐదుకి ఒకటి వచ్చింది. మళ్ళీ రాయాలంటే నాకు ఓవర్‌టైమ్ చెయ్యడానికి అనుమతి కావాలి. అది ఎవరిస్తారో దయచేసి తెలియజేయగలరు. ఇట్లు, సైమి హౌతకోర్పి, జీవశాస్త్రం, మొదటి సంవత్సరం."

ఇల్పో ముప్పై ఏళ్ళుగా విద్యార్థుల ఉత్తరాలు చదువుతున్నవాడు. సౌనా ఆవిరిగదిలో కునుకుపట్టి పరీక్ష తప్పిపోయానన్నవాణ్ణి చూశాడు. ప్రేమ విఫలమైంది కాబట్టి వృక్షశాస్త్రం వాయిదా వెయ్యమన్నవాణ్ణి చూశాడు. చదువుకోడానికి ఓవర్‌టైమ్ అడిగిన మనిషిని మాత్రం ఇదే చూడటం. జవాబు మధ్యాహ్నానికి వచ్చింది. "గురువారం రెండింటికి రా. నీ చదువు పథకం కూడా పట్టుకురా."

ఆ పథకం అనేది అక్కడ ప్రతి మొదటి సంవత్సరం వాళ్ళూ రాయాల్సిందే. మూడేళ్ళలో ఏ కోర్సు ఎప్పుడు, నూట ఎనభై క్రెడిట్లు ఎలా పూర్తి చేస్తారు అన్నది ఎవరికి వాళ్ళే రాసుకోవాలి. సలహాదారు చదివి, మాట్లాడి, కంప్యూటర్లో ఆమోదం మీట నొక్కుతాడు. ఆ మీట పడకపోతే వేసవి కోర్సుల్లో పేరు ఎక్కదు. మామూలుగా పిల్లలు పై ఏడాది వాళ్ళ దాన్ని తెచ్చి, పేరు మార్చి, పావుగంటలో పంపేస్తారు. సైమి మూడు వారాలు కూర్చుని రాసింది. పంతొమ్మిది పేజీలు వచ్చింది.

ఆ పిల్లనీ అనడానికి లేదు. కోయివులంపి అనే ఊళ్ళో పుట్టింది. ఆ ఊరంటే కాగితం మిల్లే. మిల్లు ఈల కూస్తే లేవడం, ఈల కూస్తే తినడం. వాళ్ళ నాన్న తౌనో అక్కడ ముప్పై నాలుగేళ్ళు మూడు షిఫ్టుల్లో పనిచేశాడు. ఆ ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళు ఇంతకుముందు లేరు. కాబట్టి అడగడానికి ఎవరూ లేక, సైమి విద్యార్థుల మార్గదర్శిని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది. నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. ఒక క్రెడిట్ అంటే విద్యార్థి చేసే ఇరవై ఏడు గంటల పని అని. తక్కినవాళ్ళకి ఆ వాక్యం గాలి. సైమికి అది సంతకం పెట్టిన ఒప్పందం.

మొదటి సెమిస్టర్లో కణ జీవశాస్త్రం తొంభై ఎనిమిది గంటల్లో వచ్చేసింది. మిగిలిన ముప్పై ఏడు గంటలూ లైబ్రరీలో అదే పుస్తకం ముందు కూర్చుంది. కొన్ని గంటలు బొమ్మలు చూసింది. కొన్ని గంటలు అచ్చు వేసినవాడి చిరునామా చూసింది. ఈల కూయకుండా మిల్లు గేటు దాటడం వాళ్ళ ఊళ్ళో ఎవరూ చెయ్యరు.

గురువారం మధ్యాహ్నం భోజనశాలలో బఠాణీ సూపు. ఆ దేశంలో గురువారమంటే ఎక్కడైనా అదే, ఇంకేం ఉంటుంది. ఎదురుగా స్నేహితురాలు ఎల్వీరా. తల్లీ తండ్రీ ఇద్దరూ డాక్టర్లు. ఎల్వీరా నోటికి అదుపు లేదు, చేతికి పద్ధతి లేదు, మార్కులకి మాత్రం లోటు లేదు.

"నిజంగా పంపించావుటే ఆ ఈమెయిలు?"

"పంపించాను."

"చదువుకోడానికి ఓవర్‌టైమ్ అడిగావా?"

"అడక్కుండా ఎలా చేస్తాం?"

ఎల్వీరా చెంచా కింద పెట్టింది. "బంగారం, ఇలా చూడు. కణ జీవశాస్త్రం నేనెన్ని గంటలు చదివానో తెలుసా?"

"నూట ముప్పై ఐదు."

"పదకొండు. అందులో రెండు బస్సులో."

"ఎంతొచ్చింది?"

"నాలుగు."

సైమికి బఠాణీ గొంతుకి అడ్డం పడింది. "మరి మిగతా నూట ఇరవై నాలుగు గంటలు?"

"ఏం, పోలీసులొస్తారా?"

"అది దొంగతనం కదే!"

"ఎవరి దగ్గర దొంగిలించాను? పేరు చెప్పు, వెళ్ళి ఇచ్చేస్తాను."

సైమి ఆలోచించింది. అటు చూసింది, ఇటు చూసింది. "ప్రభుత్వం దగ్గర" అంది చివరికి, తనకే నమ్మకం లేకుండా.

ఎల్వీరా నవ్వీ నవ్వీ తన పాన్‌కేక్ కూడా సైమి పళ్ళెంలోకి తోసేసింది. "తిను తల్లీ. దీనికి ఎన్ని నిమిషాలు రాసుకున్నావో అన్ని నిమిషాలూ తిను."

రెండింటికి సైమి ఇల్పో తలుపు తట్టింది. గదిలో అలమర నిండా సీసాలు, సీసాల నిండా బురద. ఇల్పో చెప్పులు విడిచి ఉన్ని మేజోళ్ళతో కూర్చుని ఉన్నాడు.

"రా, కూర్చో. కాఫీ తాగుతావా?"

"మీరు తాగితే తాగుతానండీ."

ఇల్పో వెనక్కి తిరిగి చూశాడు. "ఎవరు తాగితే?"

"మీరు."

"ఇక్కడ ఉన్నది నేనొక్కణ్ణే. నువ్వు అను. ఈ ఊళ్ళో నన్ను మీరు అనేది సమాధి రాళ్ళు అమ్ముకోడానికి ఫోన్ చేసేవాడొక్కడే."

"అలాగేనండీ" అంది సైమి.

ఇల్పో ఇంక ఆ సంగతి వదిలేసి పంతొమ్మిది పేజీలూ చదవడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు నిమిషాలు చదివాడు. ఈలోపు సైమి సీసాల వైపు చూస్తూ కూర్చుంది.

ఆ సీసాల్లో ఒకటి ఆమెకి ముందే పరిచయం. నవంబరు ప్రయోగశాలలో ఇల్పో దాన్ని తెచ్చి దీపం ముందు పెట్టాడు. అడుగున బురద, బురదలోంచి పైకి లేచి సన్నగా ఊగే ఎర్రటి దారాలు. సరస్సు అడుగున ఉండే పురుగులు, వానపాముకి దూరపు చుట్టాలు. తల బురదలో పెట్టి తింటాయి. తోక నీళ్ళలోకి ఎత్తి, దాన్ని ఊపుతూ ఊపిరి పీల్చుకుంటాయి. పిల్లలంతా కిసుక్కున నవ్వారు. ఎల్వీరా తన దూరపు మేనమామ ఒకాయన అచ్చం ఇంతే అంది. సైమి నవ్వలేదు. గాలి ఆడని చోట, వెలుతురు పడని చోట, ఎవరూ చూడకపోయినా ఆగకుండా సరస్సు అడుగంతా తిరగేసి పెట్టే ఆ ప్రాణిని చూస్తూ ఉండిపోయింది. గంటయిందని పక్కవాళ్ళు చెబితేగాని తెలియలేదు. ఆ గంటని ఏ కోర్సు కింద రాసుకోవాలో తోచక అసలు రాసుకోలేదు.

"ఈ ఉ, సా, రా ఏమిటి?" అన్నాడు ఇల్పో.

"ఉదయం షిఫ్టు, సాయంత్రం షిఫ్టు, రాత్రి షిఫ్టు."

"నిద్ర ఎక్కడ?"

"రాత్రి షిఫ్టు లేని వారాల్లోనండీ."

"శనివారం సౌనా నలభై నిమిషాలు."

"జుట్టు ఆరడంతో కలిపి."

ఇల్పో కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. నవ్వు దాచుకోడానికి ఆయనకి అదొక దారి. "చూడు సైమీ. ఏడాదికి పదహారు వందల గంటల పని అనుకున్నారు. అరవై క్రెడిట్లతో భాగించారు. ఇరవై ఆరు పాయింట్ ఆరు ఆరు వచ్చింది. చూడ్డానికి బాగుండదని ఇరవై ఏడు చేశారు. అంతే. అది భాగహారం. నిన్ను కట్టేసే తాడు కాదు."

సైమి ముఖం పాలిపోయింది. "అంటే ప్రతి క్రెడిట్‌కీ నేను ఇరవై నిమిషాలు ఎక్కువ చేశానా?"

ఇల్పో మళ్ళీ కళ్ళజోడు తుడిచాడు.

"సరే, గణాంకశాస్త్రానికి నీకు ఎన్ని గంటలు కావాలంటే అన్ని గంటలు నేనిచ్చాను పో. ఇక అసలు సంగతి." పదిహేడో పేజీ తీసి వేలు పెట్టాడు. "మే ఇరవై ఒకటి. ఉదయం షిఫ్టు: వైద్య విద్య ప్రవేశ పరీక్ష, పది నుంచి మూడు. సాయంత్రం షిఫ్టు: హౌకిసారి ద్వీపంలో సరస్సు అడుగు జీవుల కోర్సు. ఇదేమిటి?"

"రెండు షిఫ్టులండీ."

"ద్వీపానికి పడవ పొద్దున పదింటికి."

"తర్వాతి పడవ?"

"లేదు. ఉన్నది ఒక్క పడవ, దాన్ని నడిపేది నేను. మొదటి రోజు నీటి భద్రత నేర్పుతాం. అది తప్పినవాళ్ళకి చోటు పోతుంది. పద్నాలుగు చోట్లకి ఇరవై ముగ్గురున్నారు. కోర్సు రెండేళ్ళకొకసారి వస్తుంది. అది లేకుండా నా దగ్గర పురుగుల మీద డిగ్రీ వ్యాసం రాయడం కుదరదు. పద్దెనిమిదో పేజీలో నువ్వు రాస్తానన్నావే, అదే." ఇల్పో కాగితాలు దొంతరగా సర్ది ఆమె చేతికిచ్చాడు. "ఒకటి కొట్టెయ్. సోమవారం పన్నెండింటిలోపు. అప్పుడు మీట నొక్కుతాను."

"ఏది కొట్టెయ్యాలండీ?"

"పడవ నడిపేవాణ్ణి నేను. నన్నా అడుగుతావు?"

డాక్టరు చదువు సంగతి కాస్త చెప్పాలి. ఆ దేశంలో జీవశాస్త్రం తరగతిలో కూర్చున్న నలభై మందిలో పదిహేను మంది నిజానికి అక్కడ ఉండరు. వైద్య విద్య పరీక్ష తప్పి, మళ్ళీ మేలో రాయడానికి ఎక్కడో ఒకచోట కూర్చోవాలని వచ్చి కూర్చుంటారు. సైమి కూడా అలాగే వచ్చింది. కిందటి మేలో నాలుగు మార్కుల్లో పోయింది. వాళ్ళమ్మ మర్యుక్కా ఊరి ఆరోగ్యకేంద్రం వార్డులో ఇరవై ఆరేళ్ళుగా ముసలివాళ్ళకి స్నానం చేయించి, అన్నం తినిపించే పని చేస్తోంది. "మా అమ్మాయి డాక్టరు చదువుకి పక్క గదిలో ఉంది. తలుపు తీయడమే తరువాయి" అని వార్డులో రోగులతో సహా అందరికీ చెప్పింది. కొంతమంది రోగులు ఆ తలుపు తెరుచుకునేదాకా బతకాలని పంతం కూడా పట్టారు.

శనివారం సైమి ఇంటికి వెళ్ళింది. సాయంత్రం తల్లీకూతుళ్ళు సౌనా పై బల్ల మీద కూర్చున్నారు. ఆ ఇంట్లో కష్టమైన మాటలన్నీ అక్కడే చెప్పుకుంటారు. చెమటా కన్నీళ్ళూ కలిసిపోతాయి, ఎవరూ ఎవరి ముఖం చూడక్కర్లేదు.

"చదువుతున్నావా పరీక్షకి?" అంది మర్యుక్కా.

"అమ్మా."

"ఊఁ."

"ఈసారి పరీక్షకి వెళ్ళను."

మర్యుక్కా గరిటెడు నీళ్ళు పొయ్యి మీద కాలుతున్న రాళ్ళపై పోసింది. చుయ్ మంది. ఇంకో గరిటె పోసింది. చెవులు కాలిపోయాయి.

"పోతుందని భయమా?"

"కాదు. వచ్చేస్తుందేమోనని భయం."

"డాక్టరైతే వచ్చిన నష్టమేంటే?"

"నష్టమేం లేదమ్మా. నాకు వేరేది ఇష్టం."

"ఏది?"

సైమి చెప్పింది. సరస్సు, బురద, ఎర్ర దారాలు. తల కిందకి, తోక పైకి.

"తోకతో ఊపిరి పీలుస్తుందా?"

"అవును."

"అంటే ముడ్డితో."

"...అలాగే అనుకో."

"ఇరవై ఆరేళ్ళు!" మర్యుక్కా గరిటెని నీళ్ళ బాల్చీలోకి విసిరికొట్టింది. "ఇరవై ఆరేళ్ళు జనం ముడ్లు కడిగాను నేను, నా కూతురు డాక్టరు కోటు వేసుకుని ఆ వార్డులోకి వస్తుందని! నువ్వేమో ముడ్డితో ఊపిరి తీసే పురుగు దగ్గరికి పోతానంటావా!"

సైమికి నవ్వొచ్చింది. రాకూడదు, వచ్చేసింది. మర్యుక్కా నవ్వలేదు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయింది, తలుపు వేసిన చప్పుడుకి పొయ్యి కూడా అదిరింది.

రాత్రి భోజనానికి కాల్చిన సాసేజి. మర్యుక్కా పళ్ళాలు బల్ల మీద పెట్టలేదు, కొట్టింది. తౌనో ఆవాల ముద్ద రాసుకుంటూ ఇద్దరి ముఖాలూ చూసి, మాట మార్చడానికి కూతురి చదువు గంటల గురించి అడిగాడు. సైమి అంతా చెప్పింది. ముప్పై ఏడు గంటలు ఊరికే కూర్చోవడం, నూట ముప్పై ఐదో గంటకి పుస్తకం మూసెయ్యడం, ఇరవై నిమిషాల సంగతి.

తౌనో నమలడం ఆపాడు. "ఇదంతా ఎవరు నేర్పారు పిల్లా నీకు?"

"నువ్వే కదా నాన్నా. ఎనిమిది గంటలంటే ఎనిమిది గంటలు."

"నేనా?" తౌనో భార్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "రాత్రి షిఫ్టులో రెండు గంటలు కాగితం రోల్స్ వెనక పడుకునేవాణ్ణి."

"ఏమిటీ!" అంది మర్యుక్కా పొయ్యి దగ్గర్నుంచి.

"అందరూ పడుకునేవాళ్ళు. వంతులేసుకుని. యంత్రం మీద కాగితం తెగిందనుకో, అప్పుడు మాత్రం షిఫ్టు అయిపోయినా ఇంటికి పోయేవాళ్ళం కాదు. అది మళ్ళీ ఎక్కేదాకా ఉండేవాళ్ళం. అంతే, పనంటే."

"ముప్పై నాలుగేళ్ళు ఎనిమిది గంటలకి సరిపడా అన్నం డబ్బా కట్టాను నీకు!"

"ఆరు గంటలకి ఎక్కువేం కాలేదులే" అన్నాడు తౌనో.

సైమి చెయ్యి సాసేజి దగ్గరే ఆగిపోయింది. ఆ ముప్పై ఏడు గంటలు గుర్తొచ్చాయి. అచ్చు వేసినవాడి చిరునామా ఇప్పటికీ నోటికి వచ్చు.

మర్నాడు ఆదివారం. మర్యుక్కా పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయింది. సైమి తన ప్రవేశ పరీక్ష పుస్తకం కోసం వెతికింది. ఆగస్టులో ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు అల్మారాలో పెట్టింది, తీసుకెళ్ళనే లేదు. ఎల్వీరా పినతండ్రి కూతురికి కావాలట, ఇచ్చేద్దామనుకుంది. అల్మారాలో లేదు. మంచం కింద లేదు. చివరికి వంటింట్లో ఫ్రిజ్ మీద, కాఫీ డబ్బాల వెనక దొరికింది.

తెరిచింది. ప్రతి ప్రశ్న కింద పెన్సిల్‌తో జవాబు. అమ్మ చేతిరాత. వార్డులో మందుల చీటీల మీద రాసి రాసి గుండ్రంగా, ఎవరు చదివినా అర్థమయ్యేలా తయారైన రాత. అంచుల్లో తారీఖులు, సెప్టెంబరు నుంచి మొదలు. కొన్ని చోట్ల తప్పు జవాబు రబ్బరుతో చెరిపి, కాగితం చిరిగేదాకా చెరిపి, మళ్ళీ రాసి ఉంది. జన్యువుల అధ్యాయం పూర్తి. రసాయనశాస్త్రం ముప్పావు. భౌతికశాస్త్రంలో మాత్రం వరసగా ప్రశ్న గుర్తులు, ఒకచోట, "ఇది అడిగిన దద్దమ్మ ఎవడు?"

సైమి పుస్తకం కోటులో పెట్టుకుని మంచులో నడుచుకుంటూ ఆరోగ్యకేంద్రానికి వెళ్ళింది. మర్యుక్కా వార్డు వంటగదిలో ఒక్కతే కాఫీ తాగుతోంది. సైమి పుస్తకం బల్ల మీద పెట్టింది.

మర్యుక్కా దాన్ని చూసి ఎర్రబడింది. దొంగతనంలో దొరికినట్టే. "చెరిపేస్తాలే. పెన్సిలేగా."

"జన్యువులు మొత్తం కరెక్టేనమ్మా. వరసగా ముప్పై ప్రశ్నలు."

"నిజంగానా?" అంది మర్యుక్కా. ఆ ముఖం సైమి ఇంతకుముందు చూడలేదు. ఒక్క క్షణమే ఉంది. వెంటనే కాఫీ కప్పులోకి చూసింది. "నువ్వు ఫోన్ చేసి ఏదైనా అడిగితే చెబుదామని ముందు నేను చదివి పెట్టుకున్నాను. నువ్వు అడగలేదు. అప్పటికి నాకు ఆపబుద్ధి కాలేదు."

"పరీక్షకి నువ్వెళ్ళు."

"నోర్ముయ్. నాకు యాభై ఒకటి."

"వయసు అడగరు. వార్డులో చేరేటప్పుడు చూపించిన నీ నర్సింగు సర్టిఫికెట్ చాలు, కూర్చోనిస్తారు. నేను చూశాను."

"చూస్తావు నువ్వు, ప్రతి పుస్తకంలో ప్రతి పేజీ చూస్తావు! నవ్వుతారే."

"ఎవరు?"

"అందరూ. మొదట ఆరో గదిలో ముసలాయన. ఆయనకి ఇంకేం పని."

"మరి పురుగుల దగ్గరికి పోతే నన్ను చూసి నవ్వరా?"

మర్యుక్కా కప్పు కింద పెట్టింది. "నేను రాస్తానో రాయనో నా ఇష్టం. నువ్వు రాయాలి. నీకు వయసుంది, బుర్రుంది, నాలుగు మార్కుల్లో పోయింది. అది పారేసుకునే హక్కు నీకు లేదు."

"పారేసుకోవట్లేదమ్మా. ద్వీపానికి వెళ్తున్నాను."

"అయితే నాతో మాట్లాడకు."

ఆరో గది గంట మోగింది. మర్యుక్కా లేచి వెళ్ళిపోయింది. పుస్తకం మాత్రం బల్ల మీద వదల్లేదు, చంకలో పెట్టుకుని వెళ్ళింది.

సైమి చాలాసేపు ఆ వంటగదిలో కూర్చుంది. అమ్మ మాట కాదనడం ఆమెకి ఇదే మొదటిసారి. చిన్నప్పుడు గంజి వద్దన్నది కూడా లేదు. వెనక్కి పిలిచి సరే రాస్తాలే అంటే ఈ సాయంత్రానికి ఇల్లు మామూలైపోతుంది. అది తెలుసు. మేలో పరీక్ష వచ్చేస్తుందని, ఆరేళ్ళు చదివేస్తుందని, నలభై ఏళ్ళు కోటు వేసుకుని మంచి డాక్టరుగా బతికేస్తుందని కూడా తెలుసు. ఏ పనైనా ఇస్తే చేసే మనిషి తను. భయం అక్కడే.

సోమవారం పదకొండున్నరకి ఇల్పో గదిలో పదిహేడో పేజీ తీసి, ఉదయం షిఫ్టు మీద అడ్డంగా గీత గీసింది. పక్కన తారీఖు వేసి పొట్టి సంతకం కూడా పెట్టింది.

"ఇంట్లో ఏమన్నారు?" అన్నాడు ఇల్పో.

"అమ్మ మాట్లాడనంది."

ఇల్పో కంప్యూటర్ తన వైపు తిప్పుకున్నాడు. "మా అమ్మ నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. పాస్టర్ని అవుతాననుకుంది." మీట నొక్కాడు. "కాఫీ తాగుతావా?"

"నువ్వు తాగితే" అంది సైమి, అని తనే ఉలిక్కిపడింది.

మర్యుక్కా మాట తప్పే మనిషి కాదు. ఫిబ్రవరి అంతా ఫోన్ లేదు. మార్చి చివర తౌనో దగ్గర్నుంచి ఒక సందేశం వచ్చింది. "అమ్మ పరీక్షకి దరఖాస్తు పెట్టింది. నేను చెప్పానని చెప్పకు." ఏప్రిల్లో ఒక కవరు వచ్చింది. లోపల ఉత్తరం లేదు. భౌతికశాస్త్రం లెక్క ఒకటి ఫోటోకాపీ, కింద పెద్ద ప్రశ్న గుర్తు. సైమి ఆ లెక్క మెట్టు మెట్టుకీ విడమరిచి చేసి, తనూ ఉత్తరం రాయకుండా వెనక్కి పంపింది. వారానికల్లా ఇంకోటి వచ్చింది. మొత్తం ఏడు కవర్లు. ఆరో కవరులో ప్రశ్న గుర్తు పక్కన ఒక మాట ఉంది. "కాళ్ళు తడవకుండా చూసుకో."

మే ఇరవై ఒకటి, తొమ్మిదీ నలభై. హౌకిసారికి వెళ్ళే రేవులో సైమి జల్లెళ్ళు, బాల్చీలు పడవలోకి అందిస్తోంది. ఎల్వీరా అప్పటికే పడవలో ఎక్కి కూర్చుని, ఎవరి అన్నం డబ్బాలో ఏముందో విచారిస్తోంది. ఫోన్ మోగింది.

"అమ్మా?"

"వెయ్యిమంది ఉన్నారే ఇక్కడ!" మర్యుక్కా గుసగుసగా అరుస్తోంది. "అంతా పిల్లకాయలు. గెడ్డాలు కూడా రాలేదు. ఒకడొచ్చి, కోట్లు ఎక్కడ తగిలించాలండీ అని నన్నడిగాడు."

"నువ్వేమన్నావు?"

"చూపించాను. ఏం చెయ్యను మరి? వాణ్ణి చూసి ఇంకొకడొచ్చాడు. ఇప్పటికి పదకొండు మందికి చూపించాను. ఒక పిల్ల ఏడుస్తుంటే నీళ్ళు తాగించాను."

"అమ్మా, నువ్వు పరీక్ష రాయడానికి వెళ్ళావు."

"తెలుసు!" వెనక వందల బూట్ల చప్పుడు. "సైమీ, వెళ్ళిపోనా?"

ధైర్యం చెప్పడం వాళ్ళింట్లో ఎవరికీ రాదు, చెబితే అవతలివాళ్ళు అనుమానిస్తారు.

"జన్యువులు మొదట రాయి. భౌతికశాస్త్రం చివర చూసుకో" అంది.

"అది నాకు తెలియదా? నాకు చెప్పొచ్చావు." గొంతులో కాస్త ఊపిరి ఆడింది. "అది సరే, నీ ఊలు చొక్కా వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

"నాకింకా కోపం పోలేదు."

"సరే అమ్మా."

"పోదు కూడా. ఆగు, తలుపులు తీశారు. బాబూ, అటు కాదు, కోట్లు ఇటు! ఇటు రావాలి, నీకే చెప్పేది! ఇదుగో, పెట్టేస్తున్నా."

పెట్టేసింది.

"సైమీ!" ఇల్పో ఇంజన్ తిప్పుతూ కేకేశాడు. "తాడు విప్పు!"

సైమి తాడు విప్పి పడవలోకి దూకింది. పద్నాలుగు మందిలో చివర ఎక్కింది కాబట్టి ముందు వైపు, నీళ్ళు చిమ్మే చోటొక్కటే మిగిలింది. అక్కడ కూర్చుంది.